ఎడమ ముందు చక్రం

మా అన్న గోవర్ధన్ చివరిగా చేసిన మామూలు పని ఎల్లవ్వ కూరగాయల బండి చక్రాన్ని తిప్పి చూడటం.

మొన్న శ్రావణంలో ఒక బుధవారం పొద్దున. కోరుట్లలో తన షెడ్డు షట్టరు ఎత్తి ఇంకా నీళ్లు కూడా చల్లలేదు. ఎల్లవ్వ తోపుడుబండి ఆపి, నాలుగు రోజుల నుంచి బండి నెట్టలేకపోతున్నానని చెప్పింది. అన్న బండిని ఒక పక్కకు ఎత్తి కింద ఇటుక పెట్టాడు. ఒక చేత్తో చక్రాన్ని తిప్పి, రెండో చేతి మూడు వేళ్లు ఇరుసు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. రెండు చుట్లు తిరిగాక ఆపేశాడు.

"బేరింగ్ పోయింది ఎల్లవ్వా. మాపటికి రా, ఏస్త" అన్నాడు.

ఆమె రెండు టమాటలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అన్న మొహం కడుక్కోవడానికి వెనక్కి నడిచి, నీళ్ల డ్రమ్ము దగ్గరే కూలబడ్డాడు. జగిత్యాలకు తీసుకుపోతుంటే మేడిపల్లి దాటకముందే ఊపిరి ఆగిపోయింది. యాభై ఆరేళ్లు.

పదకొండో రోజున జగిత్యాల నుంచి సురేందర్ వచ్చాడు. బైపాస్ రోడ్డు మీద కార్ల షెడ్డు నడిపే మనిషి. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పక్కవాళ్లతో, "పాపం, చెవులు ఇనవడకున్నా అంచనాతోటే ఇన్నేండ్లు నెట్టుకచ్చిండు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేను మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ రోజు ఆ పూట చావింటికి వచ్చినవాణ్ని ఏమీ అనకూడదు కాబట్టి అనలేదు. ఇప్పుడు అంటున్నాను. మా అన్నది అంచనా కాదు. ఎవరు ఎన్ని తలలూపినా నేను ఒప్పుకోను. ఆయన పని ఎట్లా చేసేవాడో, ఆ సురేందర్ ముందే ఒకరోజు ఎట్లా నిరూపించాడో రాస్తాను. చదివినవాళ్లే తేల్చండి.

మాది సిరిసిల్ల. ఇంటి ముందు గదిలో మాకు నాలుగు సాంచెలు ఉండేవి. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. మా ఇంట్లో నాలుగు, పక్కింట్లో ఎనిమిది, వెనక షెడ్డులో నలభై. కరెంటు ఉన్నంతసేపూ ఆ గల్లీలో ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకని మా గల్లీలో ఎవరూ ఎవరినీ వెనక నుంచి పిలవరు. దగ్గరికి వెళ్లి భుజం మీద తట్టి, ఎదురుగా నిలబడి, పెదవులు పెద్దగా కదిలిస్తూ చెబుతారు. చాలాసార్లు గొంతు కూడా ఉండదు. మా అమ్మ ఇంద్రమ్మ కండెలు చుట్టుకుంటూ కూర్చున్నచోటి నుంచే, అటు పక్కనున్న అన్నకు పెదవులతోనే "కూర మాడిందిరా, సప్పుడు జెయ్యక తిను" అని చెప్పేది. అన్న అటు నుంచి పెదవులతోనే "రోజూ గదే గదా" అనేవాడు. మధ్యలో నాలుగు సాంచెలు దడదడలాడుతూనే ఉండేవి. కరెంటు పోయి అంతా నిశ్శబ్దమైనా మా ఇంట్లో ఆ అలవాటు పోలేదు. కొత్తగా వచ్చిన చుట్టాలు, పిలిస్తే పలకరు, వీళ్లకెంత పొగరు అనుకునేవాళ్లు.

అన్న పద్నాలుగేళ్లకే జాబర్ దగ్గర చేరాడు. సాంచెలు రిపేరు చేసే మేస్త్రీని జాబర్ అంటారు. నలభై సాంచెల షెడ్డులో ఒకదాని బేరింగు అరిగితే దాని చప్పుడును వేరుగా వినడం ఏ చెవికీ సాధ్యం కాదు. ఆ జాబర్ అన్నకు మొదటి రోజే చెవిని నమ్మవద్దని చెప్పాడట. షెడ్డులోకి ఎవరూ చెప్పులతో వెళ్లరు. వరుసల మధ్య మెల్లగా నడవాలి. అరికాలికి నేల ఎక్కడ తేడాగా తగిలితే అక్కడ ఆగాలి. ఆ తర్వాత వేళ్లు ఇనుము మీద పెట్టి, ఎటు జరిపితే వణుకు పెరుగుతోందో అటు పోవాలి. బేరింగు బాగుంటే వేళ్లకు ఒకే తీరుగా, నీళ్లు పారినట్టు ఉంటుంది. అరిగితే గరుకు తగులుతుంది. ఏడాది తిరిగేసరికి అన్న నలభైలో తప్పు చేస్తున్న సాంచెను టీ తాగేలోపు పట్టుకునేవాడు.

నూలు ధర పెరిగి, బట్ట కొనేవాళ్లు తగ్గి, గల్లీలో సాంచెలు తుక్కు కింద పోతున్న రోజుల్లో మావి కూడా పోయాయి. అన్న ఒకదాని రెండు పక్క దిమ్మలు మాత్రం అమ్మకుండా ఆపి, వాటిని ఆటోలో వేసుకుని కథలాపూర్ మీదుగా కోరుట్లకు వచ్చాడు. అప్పుడు ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడుస్తుండేది. సీజనులో చెరకు ట్రాక్టర్లు రాత్రీ పగలూ పోయేవి. మోయలేనంత బరువు మోసే ఆ ట్రాలీల చక్రాల బేరింగులు నెలకొకటి పోయేవి. అన్నకు అదే చదువైంది.

మొదట్లో తప్పు కూడా చేశాడు, అదీ చెబుతాను. సాంచెకు పొద్దున లేవగానే నూనె పోయాలి. నూనె పొయ్యని రోజున సాంచె మొహం చూడకూడదన్నట్టుండేది మాకు. ఆ అలవాటుతో ఒక జీపుకు కొత్త బేరింగు తెచ్చి, దానికి రెండు వైపులా ఉన్న రబ్బరు మూతను స్క్రూడ్రైవరుతో లేపి, లోపల నిండా గ్రీజు కూరి, మూత మళ్లీ నొక్కి పెట్టాడు. మూసి వచ్చిన బేరింగును తెరవకూడదని సిరిసిల్లలో ఎవరూ చెప్పలేదు. అక్కడ మూసి వచ్చిన బేరింగే లేదు. ఆ మూత సందులోంచి దుమ్ము పోయి పదిరోజుల్లో బేరింగు మాడిపోయింది. జీపు ఆయన తిట్టిన తిట్లను అన్నే మాకు నవ్వుతూ చెప్పేవాడు. మనం ఎక్కువ ప్రేమ చూపించినం చెల్లె, గది సచ్చిపోయింది అనేవాడు.

నలభై దాటాక అన్నకు వినికిడి తగ్గింది. సాంచెల కింద బతికినవాళ్లలో ఎవరికి తగ్గలేదు? రెండుసార్లు చెబితే వినేవాడు. ఎదురుగా ఉండి మాట్లాడితే ఏ ఇబ్బందీ లేదు. మాకు అదొక లోపంగానే తోచలేదు. బయటివాళ్లకు తోచింది. సురేందర్ జగిత్యాలలో షెడ్డు పెట్టాడు. బండిని పైకెత్తే లిఫ్టు, కంప్యూటరు, తెల్ల టైల్సు. తన దగ్గరికి వచ్చినవాళ్లతో, చెవిటాయన చేతికి కారిస్తే ఇంజను సప్పుడు ఇనకుంట ఏం చూస్తడు అని నవ్వుతూ అనేవాడట. ఆ నవ్వు కోరుట్ల దాకా వచ్చింది. ముందు కార్లు తగ్గాయి, తర్వాత జీపులు. ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది, ట్రాక్టర్లూ తగ్గాయి. ఆటోలు మిగిలాయి. తెలిసినవాళ్లు, మంచి చెప్పేవాళ్ల లాగా, ఇక షట్టరు దించి ఇంటి పట్టున ఉండమని సలహాలిచ్చేవాళ్లు. అన్న విని, చేతులు చూపించి, ఇవి ఉన్నయి గదా అనేవాడు.

అట్లాంటి రోజుల్లో ఆ ఎర్ర కారు వచ్చింది.

రెండేళ్ల కింద, ఫిబ్రవరిలో రెండో శనివారం. జగిత్యాలలో నేను పనిచేసే బడికి సెలవు, కోరుట్లకు వచ్చాను. షెడ్డును ఆనుకున్న ఇంట్లో స్వరూప వదిన సజ్జ రొట్టెలు చేస్తోంది. మధ్యాహ్నం పన్నెండుకు షెడ్డు ముందు ఒక స్పోర్ట్స్ కారు ఆగింది. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. కథలాపూర్ నితిన్‌ది. వాళ్ల నాన్న హన్మండ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి, డెబ్బై దగ్గర పడుతున్నాడు. కొడుకు బోరుబండ్లు నడిపి, కాలం కలిసొచ్చి, హైదరాబాదులో ఎవరో వాడి అమ్మిన ఆ కారును కొన్నాడు. కారు వెనకే బైకు మీద హన్మండ్లు, ఆయన వెనక తెల్ల కారులో సురేందర్ వచ్చారు. నలుగురైదుగురు ఆటోవాళ్లు కూడా చేరారు.

హన్మండ్లు కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి అన్నతో, "గీంట్ల నా మోకు వెడితె నాకు జాగ లేదు, నేను కూసుంటె మోకుకు జాగ లేదు. గింత పైసల వెట్టి గిదేం కొనుడు తమ్మీ" అన్నాడు. తాటిచెట్టు ఎక్కే మోకు ఇప్పటికీ ఆయన బైకుకే వేలాడుతోంది.

విషయం ఏమిటంటే కారు గుయ్యిమంటోంది. అరవై స్పీడు దాటగానే మొదలై, ఎనభైకి పక్కనున్న మనిషి మాట వినపడనంతగా పెరుగుతుంది. హైదరాబాదులో ఒక షెడ్డువాళ్లు టైర్ల చప్పుడు అని నాలుగు టైర్లూ మార్చారు. చప్పుడు పోలేదు. మళ్లీ తీసుకుపోతే వెడల్పు టైర్లు, గట్టి స్ప్రింగులు, స్పోర్ట్స్ కారంటే ఇట్లనే ఉంటుందన్నారు. ముందురోజు సురేందర్ దగ్గరికి పోతే అతను నడిపి చూసి, వెనక కుడి చక్రం బేరింగు పోయిందన్నాడు. నితిన్ తెల్లారి భార్య వనితతో కలిసి గోవా పోవాలి. అన్న ఒకప్పుడు వాళ్ల ట్రాక్టరు బాగు చేసిన నమ్మకంతో హన్మండ్లు కొడుకును ఇటు లాక్కొచ్చాడు. ఇద్దరు మేస్త్రీలూ ఒక్కచోటే తేల్చండని నితిన్ సురేందర్‌ను కూడా రమ్మన్నాడు.

అన్న చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఆటోవాళ్లలో ఒకడు, కారు గుడి లెక్క ఉన్నదని విప్పుతున్నవా అన్నాడు. అన్న నవ్వి, వట్టి కాళ్లతో కారెక్కాడు. పక్కన నితిన్ కూర్చున్నాడు. కథలాపూర్ రోడ్డు మీద పావుగంట తిరిగొచ్చారు. ఆ పావుగంటలో జరిగింది తర్వాత నితిన్ చెప్పాడు. అన్న స్టీరింగును వేళ్ల చివర్లతో పట్టుకుని, డెబ్బై స్పీడులో ఖాళీ రోడ్డు మీద కారును కొంచెం కుడికీ, కొంచెం ఎడమకూ ఊయల లాగా మళ్లించాడు. కుడికి మళ్లినప్పుడు బండి బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు వణుకు పెరిగింది. ఎడమకు మళ్లినప్పుడు తగ్గింది. తారు రోడ్డు నుంచి ఊళ్లోని సిమెంటు రోడ్డు మీదికి వచ్చినా వణుకు మారలేదు. టైర్లదైతే రోడ్డు మారగానే మారాలి. తిరిగొచ్చేటప్పుడు చివరి అర కిలోమీటరు బ్రేకు తొక్కకుండా, కారు తనంతట తాను ఆగేట్టు తెచ్చాడు. బ్రేకు తొక్కితే అన్ని చక్రాలూ వేడెక్కుతాయి, ఏది దేని వేడో తెలియదు. దిగగానే నాలుగు చక్రాల్లో ఒక్కోదాని మధ్యభాగానికి ముంజేతిని దగ్గరగా పెట్టి వేడి చూశాడు.

"ఎడమ ముందుది" అన్నాడు.

సురేందర్ అప్పుడు అన్న వెనక నిలబడి ఉన్నాడు. "ఇననోనికి ఎడమేంది, కుడేంది? చెవుల దూది వెట్టుకున్నా వెనుక కుడి దిక్కే మోగుతది గది" అన్నాడు. ఆటోవాళ్లు నవ్వారు. అన్న వెనక్కి తిరగలేదు. హన్మండ్లే అన్న భుజం పట్టి తన వైపు తిప్పి, సురేందర్ మాటను నెమ్మదిగా మళ్లీ చెప్పాడు.

అన్న సురేందర్ ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. "నీకు వెనుక కుడి దిక్కు ఇనవడ్డది సురేందర్. కారు రేకు డబ్బా. సప్పుడు ఏడనో పుట్టి ఏడనో మోగుతది. నాకు ఇనవడలే, గందుకే నేను తప్పు దిక్కు పోలే" అన్నాడు.

ఈసారి ఆటోవాళ్లు అటు చూసి నవ్వారు.

జాకీలు పెట్టి నాలుగు చక్రాలూ నేల మీద నుంచి లేపాడు. నితిన్‌ను పిలిచి, చక్రం వెనకున్న స్ప్రింగు చుట్టూ చెయ్యి పెట్టించి, తను చక్రాన్ని తిప్పాడు. ముందు వెనక కుడి చక్రం. "ఏమన్న తెలుస్తుందా" అని అడిగాడు. ఏం లేదన్నాడు నితిన్. తర్వాత వెనక ఎడమ, ముందు కుడి. ఏం లేదు. చివరికి ముందు ఎడమ. నితిన్ చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ పెట్టాడు. హన్మండ్లు వంగి తన చెయ్యి కూడా పెట్టాడు. "ఇసుక నములుతున్నట్టున్నది గదరా" అన్నాడు.

సురేందర్ ఊరుకోలేదు. ఆ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని బలంగా ఊపాడు. చక్రం కదలలేదు. "ఏడ ఆడుతుంది? బేరింగ్ పోతే ఆడాలె గదా" అని అందరి వైపూ చూశాడు. అన్న, ఇది మూసిన బేరింగు అని, ముందు గరుకు వస్తుందని, ఆట చివరన వస్తుందని, ఆట వచ్చినంక ఆడుకునుడు ఉండదని చెప్పాడు.

నితిన్ గడియారం చూసుకున్నాడు. ఎవరి మాట నిజమైనా గోవా నుంచి వచ్చాక చూసుకుందాం, తాళంచెవి ఇవ్వన్నా అన్నాడు. తాళంచెవి అన్న చొక్కా జేబులో ఉంది. అన్న ఇవ్వలేదు.

"అన్నా, కారు నాది" అన్నాడు నితిన్, ఈసారి గొంతు మార్చి.

"కారు నీదే. చక్రం జామయి నువ్వు అటు దిక్కు గుంజుకపోతే, ఎదురుంగ అచ్చే ఆటో నీది కాదు గద" అన్నాడు అన్న.

సురేందర్ ముందుకొచ్చాడు. ఇప్పుడు అన్నకు ఎదురుగానే నిలబడి, ప్రతి మాటా విడమరిచి అడిగాడు. "సరే, ఇప్పు. ఇప్పినంక బేరింగ్ మంచిగుంటే ఏం జేస్తవు? షట్టర్ గుంజుకుంటవా?"

"గుంజుకుంట" అన్నాడు అన్న. "తాళం కూడ నీ చేతులనే పెడ్త."

వదిన పిండి చేతులతో తలుపు దగ్గరికి వచ్చింది. కోరుట్లలో అప్పటికే సగం మంది మా అన్నను పక్కన పెట్టారు, మిగతా సగం కూడా ఈ ఒక్క మాటతో పోవచ్చు. నేను వెళ్లి అన్న భుజం తట్టాను. ఎదురుగా నిలబడి, ఎవరికీ వినపడకుండా, మా ఇంటి పద్ధతిలో పెదవులతోనే చెప్పాను. వద్దన్నా, తాళంచెవి ఇచ్చేయ్, పోతే పోనీ.

అన్న కూడా గొంతు లేకుండానే చెప్పాడు. "చెయ్యి చెప్పింది చెల్లె."

చక్రం విప్పాడు. బ్రేకు విప్పి తీగతో పైకి కట్టాడు, గొట్టం మీద బరువు పడకుండా. ఇరుసు చివరి నట్టు ఊడదీసి, చక్రాన్ని మోసే ఇనుప దిమ్మను బయటికి తీశాడు. బేరింగు దానిలోకి బిగుతుగా దిగి ఉంటుంది, సుత్తితో రాదు, రాకూడదు. సిరిసిల్ల నుంచి తెచ్చిన ఆ సాంచె దిమ్మలు రెండింటినీ నిలబెట్టి, పైన అడ్డంగా ఇనుప కమ్మీ వెల్డింగు చేసి, మధ్యలో జాకీ పెట్టి అన్న తయారుచేసుకున్న ప్రెస్సు ఒకటి మూలన ఉంది. దానికి ఎక్కించి జాకీ కొట్టాడు. ఠప్పుమంది. బేరింగు బయటికి వచ్చింది.

చూడటానికి అది బాగానే ఉంది. పైన మెరుస్తోంది, ఒక పక్క మూత కింద గ్రీజు ఇంకా తేనె రంగులోనే ఉంది. సురేందర్ దాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో గ్రీజు అద్ది ఆటోవాళ్లకు చూపించాడు. "గిది పోయిందటనా? కొత్తదాని లెక్కుంది" అన్నాడు. నితిన్ ముఖం ఎర్రబడింది. వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ల పిండి నా మణికట్టుకు అంటుకుంది.

అన్న తొందరపడలేదు. బేరింగును తిరిగి తీసుకుని, రెండో పక్క మూత లేపి, గుండ్లన్నీ ఒక్కొక్కటిగా తీసి పళ్లెంలో వేశాడు. బయటి వలయాన్ని కిరసనాయిలులో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలోకి తెచ్చి హన్మండ్లు చేతిలో పెట్టాడు.

"గోరు వెట్టి గీకు మామా, లోపలి దిక్కు."

హన్మండ్లు గోరుతో వలయం లోపల గీరుకుంటూ పోయాడు. సగం దూరంలో గోరు ఆగింది. మళ్లీ గీరాడు, మళ్లీ అక్కడే ఆగింది. కొడుకును పిలిచి చూపించాడు. గుండ్లు తిరిగే దారిలో నువ్వుగింజంత ఇనుము పెచ్చులూడి ఉంది, ఒకటి కాదు, వరుసగా ఆరేడు. నితిన్ తన గోరు పెట్టి చూశాడు. తర్వాత వలయాన్ని సురేందర్‌కు అందించాడు. సురేందర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"తాకింది గోవర్ధనన్నకు" అన్నాడు. లాటరీ తగిలిందన్నట్టు.

కొత్త బేరింగు హైదరాబాదు నుంచి బస్సు పార్సిలులో రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఎర్ర కారు ఒక కాలు లేకుండా షెడ్డు ముందు నిలబడింది. గోవా ప్రయాణం ఆగింది. వనిత ఫోను చేసి నితిన్‌ను తిట్టిన తిట్లు ఆటోవాళ్లకు కూడా వినపడ్డాయి. అన్న మాత్రం తాళంచెవి జేబులోంచి తీయలేదు.

బేరింగు వచ్చిన రోజున నేను లేను, కానీ పని చేసిన తీరు నితిన్ ఒక్కటీ మరిచిపోకుండా చెప్పాడు. ఆ కొత్త బేరింగుకు ఒక వైపు సన్నటి అయస్కాంతం ఉంటుంది, చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో బ్రేకుల కంప్యూటరుకు దాని నుంచే తెలుస్తుంది. దాన్ని తిరగేసి ఎక్కిస్తే మొత్తం మళ్లీ విప్పాలి. అన్న ఒక గుండుసూదిని దగ్గరికి తెచ్చి ఏ వైపు లాగుతుందో చూసి, ఆ వైపును లోపలికి పెట్టాడు. పాత బేరింగు బయటి వలయాన్ని కొత్తదాని మీద ఆనించి, ప్రెస్సుతో బయటి అంచు మీదే నొక్కి దించాడు. లోపలి వలయం మీద నొక్కితే గుండ్లు గుంటలు పెడతాయి, కొత్తది మొదటి రోజే పాతదవుతుంది. ఎవరో నట్లు తిప్పే గాలి మిషనుతో బిగిద్దామంటే వద్దని, కొత్త నట్టు వేసి, చక్రం నేల మీద ఆనాక కొలత చూపించే పానాతో బిగించాడు. నూనె చుక్క కూడా పొయ్యలేదట. గది నా జీపు నేర్పింది అన్నాడట.

ఆ సాయంత్రం నితిన్ పాటలు కట్టేసి, కిటికీలు మూసి, కథలాపూర్ దాకా తొంభైలో పోయాడు. టైర్ల చప్పుడు మాత్రమే ఉందట. వారం తర్వాత గోవా వెళ్లొచ్చారు. అప్పటి నుంచి షెడ్డు ముందు మళ్లీ కార్లు నిలబడ్డాయి. అందరూ రాలేదు, జగిత్యాలకు పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. కానీ షట్టరు దించమన్నవాళ్లు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. చివరి బుధవారం దాకా ఆ షట్టరు రోజూ లేచింది.

ఇదంతా అంచనా అంటాడు సురేందర్. నాలుగు చక్రాల్లో గుడ్డిగా ఒకటి చెబితే తగలొచ్చట. అరికాలు, వేళ్లు, ముంజేయి, కుడికీ ఎడమకూ తూచిన బరువు, బ్రేకు తొక్కని అర కిలోమీటరు, వీటన్నిటినీ కలిపి అంచనా అంటే, మరి లెక్క అని దేన్నంటారు? ఆ రోజు చెవులున్న మనిషే తప్పు చక్రం చూపించాడు. ఆ మాట అతను చావింట్లో చెప్పలేదు.

పదకొండో రోజు అందరూ వెళ్లాక, పొద్దు వాలే వేళ, వదిన దగ్గర కూర్చుని ఇదే చెప్పాను. ఇది రాస్తాను వదినా, ఊరుకోను అన్నాను. అన్నకు కొంచెం వినికిడి తగ్గిందంతే, చెవిటివాడు ఎట్లా అవుతాడు, ప్రతి ఆదివారం నాతో ఫోనులో అరగంట మాట్లాడేవాడు కదా అన్నాను.

వదిన నా వైపు చూసి, "ఏమీ ఇనవడకపోయేది వందనా" అంది.

పదకొండేళ్ల కింద కరీంనగర్‌లో పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ ఏమీ మిగల్లేదన్నారట. ఎవరికీ చెప్పవద్దన్నాడట అన్న. వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం, ఎదురుగా నిలబడి పెదవులు చూడటం మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. బయటి ఇంట్లో అయితే వారంలో కనిపెట్టేవాళ్లు. మేం సాంచెలవాళ్లం, కనిపెట్టలేదు.

నాకన్నా చెప్పొచ్చు కదా అన్నాను.

"నీకే చెప్పద్దన్నడు. తెలిస్తే షట్టర్ మూయమంటవన్నడు."

అనేదాన్నే.

మరి ఫోను ఎట్లా అని అడిగాను. వదినది మేడిపల్లి. వాళ్లింట్లో పొలం తప్ప సాంచె లేదు. పెళ్లయి వచ్చేదాకా షెడ్డులో అడుగు పెట్టలేదు. ఆ పెదవుల మాటను ఆమె అన్న దగ్గరే నేర్చుకుందట. ప్రతి ఆదివారం ఫోనును స్పీకరులో పెట్టి, అన్న ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నేను చెప్పే ప్రతి మాటనూ గొంతు లేకుండా ఆయనకు చెప్పేదట. బడి సంగతులు, నా మోకాళ్ల నొప్పి, ఒక్కోసారి నా అలక కూడా. ఆయన చూసి జవాబిచ్చేవాడు. నేను అడిగాక అన్న ఎప్పుడూ కొంచెం ఆగి మాట్లాడేవాడు. ఆలోచించి మాట్లాడతాడనుకునేదాన్ని. వదిన నా మాట పూర్తి చేసేదాకా ఆగేవాడు.